బరువు బండికి పరుగు పందెం

హైదరాబాద్ నుంచి జహీరాబాద్‌కు వంద కిలోమీటర్ల దారి. అందులో సగం దాకా నగరం మనల్ని వదలదు. లింగంపల్లి, బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు, ఇస్నాపూర్ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. సంగారెడ్డి చౌరస్తా దాటితే గాని బస్సు కిటికీలోంచి చేను కనబడదు. ఇప్పుడిది 65వ నంబరు జాతీయ రహదారి. పాత డ్రైవర్ల నోట మాత్రం ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. పుణె నుంచి మచిలీపట్నం దాకా దక్కన్‌ను అడ్డంగా దాటే ఈ రోడ్డు బరువుల రోడ్డు. చెరకు, సిమెంటు, ఉల్లిగడ్డ, కోళ్ల జాలీలు, కొత్త ట్రాక్టర్లను వీపున వేసుకున్న ట్రెయిలర్లు... కారులో షికారు పోయేవాడు ఇక్కడ పక్కకు తప్పుకోవాల్సిందే.

నేను వెళ్లిన పని కాస్త విచిత్రమైనది. పాత పికప్ బండి ఒకటి తీసుకుని, దాన్ని వేగ పందేనికి తయారు చేయాలంటే మన దగ్గర అయ్యే పనేనా? ఎవరు చేస్తారు? ఎక్కడ పరిగెత్తిస్తారు? ఇదీ నా వెంట పడ్డ సందేహం. నా దగ్గర బండి లేదు, కొనే ఆలోచనా లేదు. అయినా సందేహం తీర్చుకోవడానికి జహీరాబాద్ కంటే తగిన ఊరు తెలుగు నేల మీద ఇంకోటి తట్టలేదు. నలభై ఏళ్లుగా చిన్న ట్రక్కులు పుడుతున్న ఊరది.

ముందు ఆ పందెం సంగతి చెప్పాలి. రేసు అనగానే మన కళ్లముందు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ మెదులుతుంది. పద్దెనిమిది మలుపుల్లో ఒకణ్ని ఒకడు తోసుకుంటూ పోయే ఆట అది. నేను చెప్పేది దానికి పూర్తిగా వేరు. ఇందులో పక్కన ఇంకో బండి ఉండదు, మలుపు ఉండదు. తిన్నని గీత, ఒక బండి, ఒక గడియారం. అంతే. 1898 డిసెంబరులో పారిస్ దగ్గర ఆషేర్‌లో షాస్లూ-లోబా అనే ఫ్రెంచి దొర గంటకు 63 కిలోమీటర్లు పోయి ఈ పద్దు తెరిచాడు. ఆయన నడిపింది కరెంటు బండి. మరుసటి ఏడాదే ఇంకో కరెంటు బండి వంద దాటింది. పెట్రోలు తర్వాత వచ్చి పేరు కొట్టేసింది. 1997 అక్టోబరు 15న ఆండీ గ్రీన్ నెవాడా ఎడారిలో జెట్ ఇంజన్ల బండితో గంటకు 1,227 కిలోమీటర్ల పైన పోయి, నేల మీదే ధ్వని వేగాన్ని దాటాడు. ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది.

అదంతా కోట్లు ఖర్చు పెట్టేవాళ్ల ఆట. నాకు ఆసక్తి దాని కింది అంతస్తు మీద. అమెరికాలో యూటా రాష్ట్రాన బాన్‌విల్ అనే ఉప్పు మైదానం ఉంది. 1949 నుంచి దాదాపు ఏటా ఆగస్టులో అక్కడ స్పీడ్ వీక్ జరుగుతుంది. నడిపేది 1937లో పుట్టిన సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్. వచ్చేవాళ్లలో వెల్డర్లు ఉంటారు, రిటైరైన టీచర్లు ఉంటారు, తండ్రి వదిలిపోయిన ట్రక్కును కొడుకు తీసుకొస్తాడు. బహుమతి డబ్బు లేదు. ఇంజను సైజును బట్టి, బండి రకాన్ని బట్టి వందల తరగతులు. పికప్‌లకు వేరు, పాతకాలపు ఇంజన్లకు వేరు. కాబట్టి నీ పోటీ జెట్ బండితో కాదు, నీలాంటి పాత బండితోనే. ఉన్న రికార్డును ఒకసారి దాటితే చాలదు. బండిని అక్కడే కట్టేసి కాపలా పెడతారు. మర్నాడు పొద్దున మళ్లీ పరిగెత్తాలి. రెండు పరుగుల సగటే లెక్క. అదృష్టానికి చోటు తక్కువ, అందుకే నాకా ఆట అంటే గౌరవం.

ఆ ఉప్పు మీద పేరు మోసిన మనుషుల్లో న్యూజిలాండ్ వాసి బర్ట్ మన్రో ఒకడు. ఆయనది 1920 నాటి ఇండియన్ కంపెనీ మోటారు సైకిలు. పాత డబ్బాల్లో పిస్టన్లు పోత పోసుకుని, ఇంటి వెనక షెడ్డులో దశాబ్దాలు దాన్నే చెక్కుకుంటూ కూర్చుని, 1967లో 68 ఏళ్ల వయసున గంటకు 296 కిలోమీటర్ల వేగంతో తన తరగతి రికార్డు కొట్టాడు. ఆయన మీద 2005లో ఆంథొనీ హాప్కిన్స్‌తో సినిమా కూడా వచ్చింది. మన పల్లె లేత్ షాపుల్లో కూర్చున్న మనుషుల్ని చూసినప్పుడల్లా నాకు మన్రో గుర్తొస్తాడు. పనితనం అదే. పోవడానికి చోటు లేదు, అంతే.

సదాశివపేట దగ్గర పడుతుండగా ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ వస్తుంది. టైర్ల కంపెనీగానే కాదు, రేసింగుకు దశాబ్దాలుగా అండగా ఉన్న కంపెనీగా కూడా దేశానికి తెలిసిన పేరది. గౌరవ్ గిల్ ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిళ్లు గెలిచింది ఆ పేరున్న జట్టుతోనే. వేగ పందేనికి బండి కట్టేవాడు మొట్టమొదట చూడాల్సింది ఇంజను కాదు, టైరు. ప్రతి టైరు పక్కగోడ మీదా ఒక అక్షరం ఉంటుంది. మనం కొనేటప్పుడు దాన్ని చూడం. ఎన్ అంటే 140, క్యూ అంటే 160, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210, వి అంటే 240 కిలోమీటర్ల దాకా ఆ టైరు తట్టుకుంటుందని అర్థం. సరుకు బండ్ల టైర్ల మీద ఉండేవి ఎక్కువగా ఈ వరసలో కింది అక్షరాలే. బరువుకు ఓర్చుకునేలా మందంగా చేస్తారు వాటిని. వేగంలో ఆ మందమే శత్రువు. చక్రం తిరిగేకొద్దీ రబ్బరు బయటికి విసిరేసినట్టు లాగుతుంది, లోపల వేడి పుడుతుంది, చివరికి పైపొర చీలికలై ఎగిరిపోతుంది. అందుకే ఉప్పు నేల మీది రేసు టైర్ల మీద రబ్బరు పలచగా, గీతలు దాదాపు లేకుండా ఉంటాయి. బరువు మోయడానికి కావలసినది పరుగుకు పనికిరాదన్న సంగతి బండిలో ప్రతి భాగం దగ్గరా మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఈ దారి పొడుగునా ఉన్న పనితనాన్ని లెక్క వేస్తే ఆశ్చర్యమేస్తుంది. ఎద్దుమైలారంలో సైన్యానికి కవచ వాహనాలు చేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. కందిలో ఐఐటీ హైదరాబాద్. అక్కడ డ్రైవరు లేని బండ్లను పరీక్షించే టిహాన్ కేంద్రం 2022 నుంచి ఉంది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ సరేసరి. ఇంజనీర్లు కావాలా, వెల్డర్లు కావాలా, గేర్లు కోసే మిషన్లు కావాలా, ఈ వంద కిలోమీటర్లలో దొరకనిది లేదు.

జహీరాబాద్‌లో బస్సు దిగితే నాలుగు భాషలు ఒకేసారి చెవిన పడతాయి. టీ కొట్టులో ఉర్దూ, అంగట్లో తెలుగు, కూరగాయల బండి దగ్గర కన్నడం, మధ్యలో మరాఠీ. కర్ణాటక సరిహద్దు అంత దగ్గర. బీదర్ ఇంకో ముప్పై కిలోమీటర్లు. నేల ఎర్రది. ఆలుగడ్డ, అల్లం, చెరకు బాగా పండుతాయి. కోహీరు జామపండ్లు రోడ్డు మీద గంపల్లో పెట్టి అమ్ముతుంటారు.

ట్రక్కుల ఫ్యాక్టరీ కథ ఆల్విన్‌తో మొదలవుతుంది. నిజాం కాలంలో 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు గాని, ఒకప్పుడు మన ఇళ్లలో ఫ్రిజ్ ఆల్విన్, చేతి గడియారం ఆల్విన్, స్కూటర్ ఆల్విన్ పుష్పక్, ఎక్కే ఆర్టీసీ బస్సు బాడీ కూడా ఆల్విన్. 1980లలో కేంద్రం చిన్న సరుకు బండ్ల కోసం జపాన్ కంపెనీలకు తలుపు తీసింది. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టొయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి వచ్చాయి. మనకు దక్కింది ఆల్విన్ నిస్సాన్, అదీ జహీరాబాద్‌లో. నిస్సాన్ క్యాబ్‌స్టార్ అనే బండిని ఇక్కడ కట్టారు. ఆ దశాబ్దం చివరికి మహీంద్రా అడుగుపెట్టింది, కొన్నేళ్లకు కంపెనీ పూర్తిగా వాళ్లలో కలిసిపోయింది. ఆల్విన్ పేరు పోయింది, ఫ్యాక్టరీ మిగిలింది. 2013లో పక్కనే ట్రాక్టర్ల ప్లాంటు వచ్చింది. 2015లో జీతో అనే బుల్లి ట్రక్కు ఇక్కడి నుంచే బయటికొచ్చింది. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మహీంద్రా ఓజా ట్రాక్టర్లను విడుదల చేసింది. అవి తయారయ్యేది జహీరాబాద్‌లోనే. అదే వేదిక మీద కొత్త పికప్ నమూనా ఒకటి కూడా చూపించారు. పికప్ అంటే మనకు టమాటాలు మోసే బండి. దక్షిణాఫ్రికా రైతుకు అదే కారు, అదే పరువు.

మహీంద్రా కథ కూడా ఓ సారి తలుచుకోవాలి, ఎందుకంటే మన దేశంలో పాత పికప్ అంటే చాలావరకు జీపు సంతతే. 1945లో కె.సి., జె.సి. మహీంద్రా సోదరులు గులాం మహమ్మద్‌తో కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ పెట్టారు. దేశ విభజనతో ఆయన అటు వెళ్లి పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడి కంపెనీ 1948లో పేరు మార్చుకుని విల్లీస్ జీపులు బిగించే పనిలో స్థిరపడింది. యుద్ధకాలపు విల్లీస్ జీపు ఇంజను 60 హార్స్ పవర్. ఎంత తొక్కినా గంటకు 105 కిలోమీటర్లు. రాళ్లు రప్పల మీద పోవడానికి చేసిన బండి, దానికి అదే ఎక్కువ.

హైవే పక్కన గ్యారేజీలు వరసగా ఉన్నాయి. ఒకచోట ఆగాను. ఆయిలు పీల్చుకుని నల్లబడ్డ నేల, బానెట్ తెరిచిన బొలెరో పికప్ ఒకటి, వెనకాల ఇటుకల మీద నిలబెట్టిన పాత నిస్సాన్ ఒకటి. దానికి చక్రాలు లేవు, ఇంజను లేదు. క్యాబిన్‌లో కోడి ఒకటి పొదుగుతోంది. గ్యారేజీ పెద్దాయన్ని అందరూ చాచా అంటున్నారు. నేనూ అదే పిలుపు అందుకున్నాను.

“గిది ఉరుకుతదా చాచా?”

“ఇంజను పెడితే ఎందుకు ఉరకదు సార్? ఎంత లోడ్ ఏస్తరు?”

“లోడ్ ఏం లేదు. ఖాళీ బండి. రెండొందలు పోవాలె.”

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. “రెండొందల కిలోమీటర్ల దూరమా?”

“కాదు. గంటకు రెండొందలు.”

పానా కింద పెట్టి నవ్వాడు. పక్కన కమాన్ పట్టీలు విప్పుతున్న కుర్రాళ్లు కూడా చేరారు. అక్కడి నుంచి సాగిన మాటల్లో నాకు తెలిసిన పుస్తకాల లెక్కలు, వాళ్లకు తెలిసిన చేతి లెక్కలు ఒకదానికొకటి సరిపోవడం చూసి ముచ్చటేసింది.

మొదటి చిక్కు క్రౌన్ వీల్ దగ్గర. లోడు లాగే బండికి వెనక హౌసింగులో పళ్ల నిష్పత్తి నాలుగున్నర చుట్టూ ఉంటుంది. అంటే టాప్ గేరులో ఇంజను నాలుగున్నర సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు, పాత డీజిలు ఇంజను నిమిషానికి 3,200 చుట్లు అనుకుంటే, ఎంత తొక్కినా గంటకు 94 కిలోమీటర్లు దాటదు. అదే ఇంజనుతో 200 అందుకోవాలంటే నిష్పత్తి రెండు దగ్గరికి దిగాలి. అప్పుడు బండి పరుగందుకున్నాక పోతుంది గాని, నిలబడ్డచోటి నుంచి కదలడానికే ఏడుస్తుంది. చాచా ఈ లెక్క కాగితం లేకుండా చెప్పాడు. “క్రౌన్ పినియన్ మారిస్తే పోతది. కానీ ఎనక నుంచి తొయ్యాలె సార్.” బాన్‌విల్‌లో నిజంగా అదే చేస్తారు. చాలా బండ్లను ఇంకో ట్రక్కు వెనక నుంచి తోసి కొంత వేగం అందిస్తుంది. ఆ మాట చెబితే కుర్రాళ్లు నమ్మలేదు.

రెండో చిక్కు గాలి. పాత పికప్ వందతో పోతుంటే కేవలం గాలిని పక్కకు నెట్టడానికే ఇరవై హార్స్ పవర్ పైన ఖర్చవుతుంది. రెండొందలతో పోవాలంటే దానికి రెట్టింపు చాలదు, ఎనిమిది రెట్లు కావాలి. అంటే 170 పైమాటే. వేగం రెట్టింపైతే గాలి పెట్టే అడ్డు నాలుగింతలవుతుంది, ఆ అడ్డును రెట్టింపు వేగంతో తోయాలి కాబట్టి ఎనిమిదింతలు. పైగా పికప్ ఆకారమే గాలికి పడదు. క్యాబిన్ మీంచి జారిన గాలి ట్రాలీలో పడి గిరగిరా తిరుగుతుంది. వెనక తలుపు దించేస్తే గాలి సాఫీగా పోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. తలుపు మూసి ఉంటే ఆ సుడి ట్రాలీలోనే చిక్కుకుని ఒక కనబడని మూతలా పనిచేస్తుంది. పైన నిజంగానే మూత బిగిస్తే ఇంకా మేలు. ఇక నిస్సాన్ లాంటి ముక్కు లేని బండి ముఖం గోడ లాంటిది. వేగానికైతే ముందు బానెట్ ఉన్న జీపు పికప్పే కొంత నయం.

మూడోది విన్నప్పుడే చాచా నిజంగా కంగారు పడ్డాడు. ఉప్పు నేల మీద చక్రాలకు పట్టు తక్కువ, తడి మట్టి రోడ్డు మీద జారినట్టు జారతాయి. అందుకని రేసు వాళ్లు బండికి సీసం, ఇనుము కావాలని కడతారు. “లోడ్ ఏస్తే బండి ఆగుతది గాని ఉరుకుతదా?” అన్నాడు. ఐదు మైళ్ల పొడవున మెల్లగా వేగం అందుకునే చోట బరువు పెద్ద అడ్డు కాదు, పట్టు లేకపోవడమే అడ్డు. ఆ సంగతి చెప్పాక కాసేపు ఆలోచించి తలూపాడు. జీవితమంతా బండ్లకు బరువు ఎక్కించిన మనిషికి, వేగం కోసం బరువు ఎక్కించడం అన్న మాట నచ్చినట్టే ఉంది.

డీజిలు బండి అంత వేగం పోదని కుర్రాడొకడు వాదం వేసుకున్నాడు. 2002లో అమెరికాలో గేల్ బ్యాంక్స్ బృందం డాడ్జ్ డకోటా పికప్‌లో కమిన్స్ డీజిలు ఇంజను బిగించి, బాన్‌విల్‌లో గంటకు 349 కిలోమీటర్ల రికార్డు సగటు సాధించింది. అంతకంటే నాకు నచ్చింది, ఆ బండి తన సామాన్ల ట్రెయిలర్‌ను తనే లాగుకుంటూ లాస్ ఏంజెలెస్ నుంచి అక్కడికి వెళ్లడం. పరుగుకు పరుగు, బరువుకు బరువు. అది చెప్పినా కుర్రాడు సగమే నమ్మాడు. అప్పుడు జేసీబీ మాట ఎత్తాను. 2006 ఆగస్టులో అదే ఉప్పు మీద, పొక్లెయినర్లు చేసే జేసీబీ కంపెనీ తన తవ్వకం బండ్లలో వాడే రకం ఇంజన్లు రెండింటికి బాగా పదును పెట్టి ఒక పొడవాటి బండిలో బిగించి, గంటకు 563 కిలోమీటర్లు పోయించింది. నడిపింది ఆ ఆండీ గ్రీనే. జేసీబీ పేరు వినగానే గ్యారేజీ అంతా నా వైపు తిరిగింది. మన పల్లెల్లో చెరువు పూడిక తీసే యంత్రానికి అంత కథ ఉందంటే ఎవరికి గర్వంగా ఉండదు!

మిగతాది భద్రత. ఈ ఆటలో ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ వాదన జరిగేదీ అక్కడే. క్యాబిన్ లోపల గట్టి ఇనుప గొట్టాల పంజరం కట్టాలి. బండి పల్టీ కొడితే రేకు నలుగుతుంది, పంజరం నలగకూడదు. డ్రైవరుకు నిప్పు అంటని దుస్తులు, కిటికీకి చెయ్యి బయటికి పోకుండా వల, మీట నొక్కితే మంటలార్పే సిలిండరు, గేర్ బాక్సు నుంచి వెనక్కి పోయే షాఫ్టు విరిగితే నేలలో గుచ్చుకోకుండా దాని చుట్టూ ఇనుప కడియం. ఒక వేగం దాటితే వెనక పారాచూటు తప్పనిసరి. తనిఖీలో ఒక బోల్టు నచ్చకపోయినా బండిని గీత మీదికి రానివ్వరు. వెల్డింగు మనవాళ్లకు కొత్త కాదు. కానీ “చూసుకుందాం లే” అనే మన పాత అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది. ఈ మాట చాచాకు చెప్పలేదు. ఆయన వెల్డింగు చూశాక చెప్పాల్సిన అవసరం అనిపించలేదు.

ఆఖరున ఆయన అడిగాడు. “గింత చేస్తే పైసలెన్నొస్తయ్?”

“ఏం రావు చాచా. గంటకు రెండొందల మైళ్లు దాటి రికార్డు కొడితే క్లబ్బులో చేర్చుకుని ఎర్ర టోపీ ఇస్తరు.”

“టోపీ పెట్టించుకోనికి అంత దూరం పోవాల్నా సార్? ఈడ ఫైనాన్సోళ్లు ఇంటికొచ్చి పెడ్తరు.”

గ్యారేజీ గొల్లుమంది. చాయ్ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనీయలేదు.

వినోదానికి బండ్లు కట్టే మనుషులు తెలుగు నేల మీద లేకపోలేదు. హైదరాబాద్‌లో జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. క్రికెట్ బంతి, బూటు, పుస్తకం ఆకారాల్లో సుధాకర్ కట్టిన బండ్లు అక్కడ నిలబెట్టారు. నడిచే బండ్లవి, ఊరికే బొమ్మలు కావు. 41 అడుగుల పైన ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి 2005లో ఆయన గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. తుక్కులోంచి బండి తీసే విద్య మనకు ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సాయంత్రం పస్తాపూర్ వైపు వెళ్లాను. జహీరాబాద్‌ను ఆనుకునే ఉంటుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్న ఊరు. దాని వ్యవస్థాపకుల్లో ఒకరు, 2023 మార్చిలో కన్నుమూసిన పి.వి. సతీశ్, ఆయన వెంట నడిచిన దళిత మహిళా రైతులు ఈ చుట్టుపక్కల ఎర్ర చెల్కల్లో జొన్న, కొర్ర, సామ లాంటి పాత పంటల్ని మళ్లీ నిలబెట్టారు. మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపేదీ ఆ మహిళలే. సంక్రాంతితో మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్లు విత్తనాలు మోసుకుంటూ ఊరూరా తిరుగుతాయి. వేగం గురించి ఆలోచిస్తూ వచ్చినవాడికి ఎడ్లబండ్ల ఊళ్లో ఏం పని అనకండి. నాకు కావలసిన మాట అక్కడే దొరికింది. పాత విత్తనాన్ని సీసాలో పెట్టి అటక మీద దాస్తే రెండు మూడేళ్లకు చస్తుంది. ఏటా వేయాలి, కోయాలి, మళ్లీ వేయాలి. పాత బండి కూడా అంతే. అద్దాల గదిలో తళతళలాడే బండికి రబ్బరు బిగుసుకుపోతుంది, ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, ముఖ్యంగా దాన్ని బాగుచేసే చెయ్యి లేకుండా పోతుంది.

మన చట్టం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. 2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు నిబంధనలు తెచ్చింది. తొలిసారి రిజిస్టరై యాభై ఏళ్లు దాటి, మొదటి రూపం చెడకుండా, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా ఉంటే దాన్ని వింటేజ్‌గా నమోదు చేస్తారు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20 వేల రూపాయలు, పదేళ్లకోసారి తిరగరాయించుకోవడానికి 5 వేలు. ప్రదర్శనకు, ర్యాలీకి తప్ప రోజూ రోడ్డెక్కకూడదు. ఇక పాత బండిలో మార్పులు చేశారా, అది వింటేజ్ కాదు. మామూలు బండిగానూ చెల్లదు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రోడ్డు మీద నడిచే బండ్ల వరకు ఆ కఠినత్వం సబబే. సైలెన్సర్లు కోసేసి అర్ధరాత్రి వీధులు దద్దరిల్లజేసేవాళ్లను చూసినవాళ్లెవరూ కాదనరు. కానీ రోడ్డెక్కని బండి సంగతి వేరు. పందెపు బండిని ట్రెయిలర్ మీద వేసుకుని పోయి, మూసిన మైదానంలో పరిగెత్తించి, మళ్లీ ట్రెయిలర్ మీదే తెచ్చుకుంటారు. దానికి నంబరు ప్లేటుతో పనే లేదు.

మైదానం ఎక్కడ? ఇదీ అసలు ముడి. ఉప్పు నేల మనకు కచ్‌లో ఉంది గాని, వానాకాలమంతా నీళ్లు. చిన్న రణ్ అడవి గాడిదల అభయారణ్యం, పెద్ద రణ్ సరిహద్దు. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2021లో ప్రారంభించిన 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ కంపెనీల పరీక్షలకు కట్టింది, వెల్డర్లకూ టీచర్లకూ కాదు. మన దేశంలో వేగపు ఆట అసలు మొదలైందే పాత రన్‌వేల మీద. మద్రాసు పక్కన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధపు ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ పందేలు ఈ మధ్య దాకా చూశాం.

తెలుగు నేల మీద అలాంటి చోట్లు కొన్ని ఉన్నాయి. వరంగల్ మామునూరు నిజాం కాలపుది. అది మళ్లీ విమానాలకే తయారవుతోంది, మంచిదే. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు కంపెనీ కోసం వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఒకటి, ప్రకాశం జిల్లా దొనకొండలో బ్రిటిష్ కాలపుది ఇంకోటి. బాన్‌విల్‌లా ఐదు మైళ్లు అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సు మీద పరుగు 1.3 మైళ్లే. ఎయిర్‌స్ట్రిప్ మీదైతే అర మైలు పరుగు చాలు, మిగతాది ఆగడానికి. వేగానికి పైహద్దు గంటకు 150 కిలోమీటర్ల దగ్గర పెట్టుకోవచ్చు. పాత జీపు పికప్‌ను అంత వేగానికి తేవడమే పెద్ద పని. వెనకటి రోజుల్లో తయారైన ఇంజన్లకు ఒక తరగతి, డీజిలుకు ఒకటి, చిన్న ట్రక్కులకు ఒకటి. తనిఖీకి, లైసెన్సుకు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఎలాగూ ఉంది. వాళ్ల నిబంధనలు పాటిస్తేనే ఆట, లేకపోతే వద్దు. ఐఐటీ, పాలిటెక్నిక్ పిల్లలు గడియారాలు పెడతారు, గ్యారేజీల వాళ్లు బండ్లు కడతారు. ఇంతకాలం ఒకరినొకరు చూడని రెండు లోకాలు ఒక రోజు ఒకే టెంటు కింద కూర్చుంటాయి.

ఏడాదికి ఒక ఆదివారం, ఒక ఎయిర్‌స్ట్రిప్, ఒక అంబులెన్సు, ఒక అగ్నిమాపక బండి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, జహీరాబాద్ దారిలో ఉన్న పెద్ద ఫ్యాక్టరీలనూ నేను కోరేది ఇంతే. ఈలోగా ఇంటి వెనక పాత జీపు పికప్పో, ఆల్విన్ నిస్సానో ఉన్నవాళ్లకు ఒక మనవి. తుక్కు కిలోల లెక్కన అమ్మే ముందు దాని ఛాసిస్ నంబరు రాసిపెట్టుకోండి, ఆర్‌సీ పారేయకండి, దాన్ని ఎరిగిన మిస్త్రీ ఎవరైనా బతికుంటే ఒకసారి పిలిచి చూపించండి. ఆ బండి ఎంత వేగం పోతుందో తేల్చుకోవడానికి మాత్రం 65వ నంబరు రోడ్డెక్కకండి. అది బరువు బండ్ల దారి.